తుఫాను బాధితులకు మన ఊరి నుంచి సాయం: ఏమి పంపాలి, ఎవరి చేతికి ఇవ్వాలి?

ఎడమకాలువ మాస్టారు, మిర్యాలగూడ ప్రాంతం

అందరికీ నమస్కారం. నేను సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని ఒక ఊరిలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడిని. మా బడిలో చదివి వెళ్ళిన పూర్వ విద్యార్థులు, ఊరి యువజన సంఘం, మహిళా సంఘాల వారు కలిసి, తుఫాను బాధితులకు సాయపడే ఏర్పాటు ఒకటి ముందుగానే చేసిపెట్టుకోవాలని సంకల్పించాము. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందన్న వార్త వినని సంవత్సరం దాదాపుగా ఉండదు. అయినా ప్రతిసారీ తుఫాను తీరం దాటిన తరువాతే అందరమూ కదులుతాము. ఎవరికి తోచింది వారు పోగు చేస్తారు. లారీ వెళ్ళిన తరువాత ఆ సామాను ఎవరికి చేరిందో, వారికి అది పనికి వచ్చిందో లేదో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు మాలో మూడు అభిప్రాయాలున్నాయి. పెద్దవారు బట్టలు, బియ్యం పోగు చేసి లారీలో పంపుదామంటున్నారు. మన చేతులతో ఇచ్చామన్న తృప్తి అందులో ఉంటుందని వారి మాట. ఉద్యోగాలు చేసుకుంటున్న పూర్వ విద్యార్థులు ముఖ్యమంత్రి సహాయ నిధికి డబ్బు జమ చేస్తే సరిపోతుందంటున్నారు. మహిళా సంఘాల వారు మాత్రం, నమ్మకమైన ఒక స్వచ్ఛంద సంస్థను చూసుకొని, అక్కడి ఆడవారికి, పిల్లలకు ఏమి కావాలో అడిగి చేద్దామంటున్నారు.

వీటికి తోడు ఇంకొక ప్రశ్న ఉంది. తుఫాను తీరం దాటిన మరునాటికే మన దగ్గరా వాన పట్టుకుంటుంది. కోతకు వచ్చిన వరి నేలకొరుగుతుంది, కొనుగోలు కేంద్రంలో ఆరబోసిన ధాన్యం తడిసి మొలకెత్తుతుంది. అటువంటప్పుడు మన రైతును వదిలి కోస్తాకు పంపడం ఏమిటని కొందరు అడుగుతున్నారు. ఆ మాటను నేను తేలికగా తీసుకోలేను. ఈ పనిలో అనుభవం ఉన్నవారు గాని, ఒకప్పుడు ఇటువంటి సాయాన్ని అందుకున్నవారు గాని తమ ఆలోచన వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

తుంగభద్ర ఒడ్డు, అలంపూర్ ప్రాంతం

మాస్టారు గారికి నమస్కారాలు. సాయం అందుకున్నవారు చెప్పాలని అడిగారు గనుక రాస్తున్నాను. మాది నేత కుటుంబం. 2009 అక్టోబరు మొదటి రోజుల్లో కృష్ణా, తుంగభద్ర రెండూ ఒకేసారి పొంగినప్పుడు అలంపూర్, రాజోలి ప్రాంతాలు మునిగిపోయాయి. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిన సందర్భమది. సముద్రానికి ఇంత దూరాన ఉన్న మేము కూడా బంగాళాఖాతంలోని అల్పపీడనానికి ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నాము. అందువల్ల కోస్తా వారి కష్టం వేరు, మన కష్టం వేరు అన్న విభజన నాకు సరిగా తోచదు.

మొదటి రెండు మూడు రోజుల్లో చుట్టుపక్కల మునగని ఊళ్ళవారు జొన్నరొట్టెలు, పులిహోర పొట్లాలు, క్యాన్లలో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఆ తిండి పెట్టినవారిని మా ఊరు ఈనాటికీ తలచుకుంటుంది. తరువాత లారీల్లో బట్టల మూటలు రావడం మొదలైంది. చీరలు నేసి లోకానికి ఇచ్చే ఊరికి, ఎవరో కట్టి విడిచిన, కొన్నిచోట్ల చిరిగిన, ఉతకని చీరలు వచ్చి పడ్డాయి. పంపినవారిది మంచి మనసేనని మాకు తెలుసు. అయినా ఆ మూటలను చూస్తే మా అమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అవి బడి వరండాలో తడిసి, బూజు పట్టి, చివరకు వాటిని తీసివేయించడమే పంచాయతీకి ఒక పనైంది. అప్పుడు మా ఆడవాళ్ళకు నిజంగా కావలసినవి కొత్త లోదుస్తులు, నెలసరి గుడ్డలు, రాత్రి వేసుకునేందుకు ఒక నైటీ, ఒక దుప్పటి, దోమతెర. వీటిని అడగడానికి మాకు నోరు రాలేదు. మమ్మల్ని అడగాలని ఎవరికీ తోచలేదు.

ఇంకొక సంగతి. లారీ ఎప్పుడూ పెద్ద రోడ్డు మీదనే ఆగుతుంది. రోడ్డు పక్క ఇళ్ళవారికి రెండుసార్లు, మూడుసార్లు అందుతుంది. లోతట్టున, వాగు పక్కన ఉండే వాడలకు, అసలు ఎక్కువ మునిగినవారికి, అది చేరదు. దివ్యాంగులు, ఒంటరి ముసలివారు లారీ వెనుక పరుగెత్తలేరు. పంపేవారు ఎవరైనా సరే, ముందుగా ఊరి చివరి ఇంటి దాకా నడిచి చూసి జాబితా రాయాలి.

మమ్మల్ని తిరిగి నిలబెట్టిన సాయం ఆలస్యంగా వచ్చింది. గుంట మగ్గమంటే నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి నేసేది. వరద వస్తే ముందుగా నిండేది ఆ గుంటే. పడుగు (నిలువు దారాలు), జరీ, అచ్చు (దారాలను సర్ది పట్టే దువ్వెన వంటి పనిముట్టు) అన్నీ బురదలో కలిసిపోయాయి. పైగా మగ్గం మీద ఉన్న పట్టు మాది కాదు, మాస్టర్ వీవర్, అంటే పట్టు ఇచ్చి కూలికి నేయించుకునే యజమాని, ఇచ్చినది. నష్టం రాసుకునే కాగితంలో ఇంటి గోడకు గడి ఉంటుంది గాని, మగ్గం మీద తడిసిన ఆ అప్పుకు గడి ఉండదు. వరద తగ్గిన కొన్ని వారాలకు ఒక చిన్న బృందం వచ్చి, ఒక్కొక్క మగ్గం దగ్గర కూర్చొని ఏమి పోయిందో రాసుకొని వెళ్ళి, మళ్ళీ వచ్చింది. మా గుంటల్లోని ఒండ్రు మేమే తీసుకోవడానికి మాకే కూలి ఇచ్చింది, అచ్చులు, కర్ర సామాను కొనడానికి డబ్బు ఇచ్చింది. ఉచితంగా తీసుకుంటున్నామన్న చిన్నతనం లేకుండా మళ్ళీ పనిలో పడ్డాము. మీ మహిళా సంఘాల వారు సరైన దారిలో ఆలోచిస్తున్నారని నా అభిప్రాయం.

మిల్లు గుమాస్తా, మిర్యాలగూడ

మాస్టారు గారూ, బియ్యం గురించి ఒక్క మాట. మన దగ్గర మిల్లులున్నాయి గనుక బియ్యం అడిగితే కాదనేవారు ఉండరు. కానీ తుఫాను తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బాధిత కుటుంబానికి తరచుగా 25 కిలోల బియ్యం, మత్స్యకారులకు, చేనేత వారికి 50 కిలోలు ప్రకటిస్తూ ఉంటుంది. ఆ బియ్యం వచ్చిన ఇంట్లో మన బియ్యం రెండో మూట అవుతుంది. అక్కడ లేనిది పొయ్యి, గిన్నె, ఎండిన కట్టె, పప్పు, నూనె, ఉప్పు.

మన ఊళ్ళలో ప్రతి రైతు ఇంట్లోనూ, ప్రతి మిల్లులోనూ ఉండి, తీరంలో ఆ పూటకు ప్రాణాధారమయ్యే వస్తువు టార్పాలిన్. గాలికి పైకప్పు లేచిపోయిన ఇంటి మీద ఆ రాత్రి కప్పడానికి అది కావాలి. పాతదైనా చిరుగులు లేకపోతే పనికివస్తుంది. దానితో పాటు నైలాన్ తాడు తప్పక పంపాలి. తాడు లేకపోతే టార్పాలిన్ గాలికి ఆగదు. ముందుగానే సేకరించి ఒక గోదాములో ఉంచితే, సముద్రం వైపు తుఫాను రాకపోయినా మన కొనుగోలు కేంద్రంలో ధాన్యం మీద కప్పుకోవచ్చు. మీరు చెప్పిన రెండో ప్రశ్నకు కొంతవరకు అదే జవాబు.

నల్గొండ ఆడిటర్

లెక్కల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే మంచి ఉద్దేశంతో మొదలైన సంఘాలు చెడిపోయేది సాధారణంగా ఇక్కడే.

మొట్టమొదట, ఏ ఒక్కరి సొంత బ్యాంకు ఖాతాలోకీ, ఫోన్ నంబరుకూ విరాళాలు తీసుకోకండి. ఆ వ్యక్తి ఎంత నిజాయితీపరుడైనా, రెండేళ్ళ తరువాత ఎవరో ఒకరు అడుగుతారు, ఆదాయపు పన్ను వారూ అడగవచ్చు. తెలంగాణ సంఘాల నమోదు చట్టం, 2001 కింద సంఘాన్ని నమోదు చేయించి, సంఘం పేరిట ఖాతా తెరిచి, ఇద్దరి సంతకాలు ఉంటేనే డబ్బు బయటకు వెళ్ళేలా పెట్టుకోండి. వచ్చిన ప్రతి రూపాయికి రసీదు, పోయిన ప్రతి రూపాయికి బిల్లు ఉండాలి. ఆ రెండు జాబితాలను పంచాయతీ గోడ మీద, మీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. అంత పని మీకు భారమనిపిస్తే, నమోదై ఉన్న ఒక మంచి సంస్థకు దాతలే నేరుగా జమ చేసేలా చూడండి. మీ సంఘం కేవలం ఊరివారిని కూడగట్టే పని చేస్తుంది. నన్ను అడిగితే మొదటి ఏడాదికి ఈ రెండో పద్ధతే మేలు.

పన్ను రాయితీ గురించి చాలామంది పొరబడతారు. ముఖ్యమంత్రి సహాయ నిధికి, ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి ఇచ్చిన మొత్తానికి పన్ను లెక్కించే ఆదాయంలో నూరు శాతం మినహాయింపు ఉంది. సాధారణ ట్రస్టులకు ఇస్తే చాలావరకు యాభై శాతం, అదీ ఒక పరిమితికి లోబడి. నగదు రూపంలో 2,000 రూపాయలకు మించి ఇస్తే ఆ విరాళానికి మినహాయింపు రాదు. బట్టలు, బియ్యం, సామాను రూపంలో ఇచ్చిన దానికి అసలే రాదు. పాత పన్ను విధానంలో ఉన్నవారికే ఈ మినహాయింపులు వర్తిస్తాయి. కొత్త విధానంలో ఉన్న ఉద్యోగులు రాయితీ కోసం కాక, ఇవ్వాలనిపించి ఇవ్వవలసిందే. ట్రస్టు ఇచ్చే మామూలు రసీదు చాలదు, పన్ను మినహాయింపు కోసం ఇచ్చే విరాళ ధ్రువపత్రం అడగాలి.

మీ పూర్వ విద్యార్థులలో కంపెనీలు నడిపేవారు ఉంటే ఇంకొక సంగతి చెప్పండి. కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షను కింద పెద్ద కంపెనీలు తమ లాభంలో సామాజిక బాధ్యతకు ఖర్చు చేయవలసిన రెండు శాతంలో విపత్తు సహాయం లెక్కలోకి వస్తుంది, ప్రధానమంత్రి సహాయ నిధికి ఇచ్చినదీ వస్తుంది. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చినది మాత్రం ఆ లెక్కలోకి రాదు.

సహాయ నిధులకు ఇవ్వడం తప్పు కాదు. పెద్ద విపత్తులో రోడ్లు, కరెంటు, ఆసుపత్రి ఖర్చుల వంటివి ప్రభుత్వం తప్ప ఇంకెవరూ మోయలేరు. కానీ ఆ నిధికి ఇచ్చిన డబ్బు ఫలానా ఊరికి, ఫలానా పనికి వెళ్ళాలని మీరు నిర్ణయించలేరు. అది తెలిసి ఇస్తే తరువాత నిరాశ ఉండదు.

మోసాల విషయంలో జాగ్రత్త. తుఫాను వార్త వచ్చిన గంటల్లోనే దొంగ క్యూఆర్ కోడ్‌లు, అసలు నిధి పేరును పోలిన యూపీఐ చిరునామాలు తిరగడం మొదలవుతుంది. 2020లో పీఎం కేర్స్ పేరుతోనే అటువంటివి పుట్టుకొచ్చాయి. డబ్బు పంపే ముందు తెరమీద కనిపించే ఖాతాదారు పేరు చదవండి, సంస్థ సొంత వెబ్‌సైటు నుంచి మాత్రమే వివరాలు తీసుకోండి. మోసపోయామని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగిపోయే అవకాశం అంత ఎక్కువ.

ఇక సంస్థ నిర్వహణ ఖర్చు గురించి. ‘నా రూపాయి మొత్తం బాధితుడికే వెళ్ళాలి’ అని దాతలు పట్టుబడతారు. బాధితుల జాబితా రాసే మనిషికి జీతం, పడవ కిరాయి, లెక్కలు చూసే గుమాస్తా, ఇవి లేకుండా సాయం చివరి ఇంటికి చేరదు. ఖర్చు ఎంత పెట్టారని అడగండి, ఎందుకు పెట్టారని అడగండి, కానీ అసలే పెట్టకూడదని మాత్రం అడగవద్దు.

జడ్చర్ల నుంచి హ్యూస్టన్ వచ్చినవాడు

మాది జడ్చర్ల దగ్గరి ఊరు. ఇప్పుడు అమెరికాలోని హ్యూస్టన్‌లో ఉంటున్నాను. 2017 ఆగస్టులో హార్వీ హరికేన్ మా మీదే ఆగి కురిసింది. మన తుఫాను, ఇక్కడి హరికేన్ ఒకే జాతివి. పుట్టే సముద్రాన్ని బట్టి పేరు మారుతుంది. ఆ కొద్ది రోజుల్లోనే ఈ ప్రాంతంలో కొన్ని చోట్ల 1,250 మిల్లీమీటర్లకు పైగా వర్షం పడింది. అంటే పాలమూరులో దాదాపు రెండేళ్ళు కురిసే వాన. అప్పుడు ఇక్కడి స్వచ్ఛంద సంస్థలు పని పంచుకున్న తీరును దగ్గరగా చూశాను. మీకు పనికివస్తుందని రాస్తున్నాను.

1969లో కామిల్ హరికేన్ వచ్చినప్పుడు అన్ని సంస్థలూ ఒకే పని చేసి, మిగతా పనులు ఎవరూ చేయకపోవడం చూసి, 1970లో ఇక్కడి స్వచ్ఛంద సంస్థలన్నీ ఒక ఉమ్మడి వేదిక పెట్టుకున్నాయి. ఈనాటికీ ఆ కట్టుబాటు సాగుతోంది. ఒక చర్చి వారు పెద్ద వంటశాలలు నడుపుతారు, వారు వండినది రెడ్ క్రాస్ వారు బండ్లలో తీసుకెళ్ళి పంచుతారు. ఇంకొక చర్చి వారు దానంగా వచ్చిన సామాను గోదాములు చూసుకుంటారు. మరొకరు తడిసిన గోడలు విప్పి, బురద ఎత్తి ఇల్లు ఆరబెడతారు. ఎవరి పని ఏమిటో తుఫానుకు ముందే తెలిసి ఉంటుంది.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచినది మొదటి వారం హడావిడి కాదు, కొన్ని నెలల తరువాత జరిగే ఒక సమావేశం. ప్రభుత్వ సాయం, బీమా అన్నీ అయిపోయాక కూడా ఇల్లు పూర్తికాని కుటుంబాలు మిగులుతాయి. ఒక కార్యకర్త ఆ కుటుంబం వివరాలన్నీ సేకరించి, పేరు బయటపెట్టకుండా, సంస్థలన్నీ కూర్చున్న బల్ల ముందు ఉంచుతారు. పైకప్పు సామాను మేము కొంటామని ఒకరు, కూలి లేకుండా కప్పే మనుషులు మా దగ్గరున్నారని ఇంకొకరు, కరెంటు తీగలకు డబ్బు మేమిస్తామని మరొకరు ఒప్పుకుంటారు. అలా ఒక్కొక్క ఇల్లు పూర్తవుతుంది. హార్వీ సమయంలో నగర పెద్దలు ఏర్పాటు చేసిన సహాయ నిధికి 10 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. దానిని ఒకేసారి పంచివేయకుండా, విడతలు విడతలుగా స్థానిక సంస్థల ద్వారా ఇచ్చారు. రెడ్ క్రాస్ వారు బాధిత కుటుంబానికి 400 డాలర్ల చొప్పున నేరుగా నగదు ఇచ్చారు. దేనికి ఖర్చు పెట్టాలో ఆ కుటుంబమే నిర్ణయించుకుంది.

అమెరికా డబ్బున్న దేశం, వారికి సాయమెందుకని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. 2005లో కత్రినా హరికేన్ వచ్చినప్పుడు భారతదేశం కూడా అమెరికన్ రెడ్ క్రాస్‌కు 50 లక్షల డాలర్లు ఇచ్చి, వైమానిక దళ విమానంలో సహాయ సామగ్రి పంపింది. ఇల్లు మునిగినవారికి ఆ క్షణాన కావలసింది ఎక్కడైనా ఒకటే.

మాస్టారు గారూ, మీ పూర్వ విద్యార్థులలో విదేశాల్లో ఉన్నవారు తప్పక ఉంటారు గనుక ఒక హెచ్చరిక. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే విదేశీ విరాళమే. ఇక్కడి తెలుగు సంఘాలు పంపినా అంతే. దానిని విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదైన సంస్థలే, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాలోకే తీసుకోవాలి. 2020 సవరణ తరువాత ఒక సంస్థ అలా తీసుకున్న డబ్బును ఇంకొక సంస్థకు బదలాయించడానికి కూడా వీల్లేదు. కాబట్టి మీ ఊరి సంఘం ఆ డబ్బు ముట్టుకోకూడదు. వారిని నేరుగా నమోదైన సంస్థకే పంపమనండి.

ఎడమకాలువ మాస్టారు, మిర్యాలగూడ ప్రాంతం

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. అలంపూర్ అమ్మ రాసినది మా మహిళా సంఘం సమావేశంలో చదివి వినిపించాను. బట్టల లారీ మాట అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడు మా ముందున్నది ఇది: డబ్బు, టార్పాలిన్లు, నమోదైన సంస్థ, ఈ మూడింటికి అందరూ ఒప్పుకున్నారు. అయితే పోగైన డబ్బులో మొదటి వారానికి ఎంత, తరువాతకు ఎంత ఉంచాలి? కోస్తా అంతా పెద్దది గదా, ఏ ఊరిని ఎంచుకోవాలి?

కోస్గి యువకుడు, నారాయణపేట జిల్లా

సార్, ఊరి ఎంపిక గురించి ఆలోచించేటప్పుడు మన పాలమూరు కూలీలను మరచిపోవద్దని మనవి. మా నాన్న, చిన్నాన్న ఏళ్ళ తరబడి కోస్తాలో కాంట్రాక్టు పనులకు వెళ్ళినవారే. తుఫాను వచ్చినప్పుడు పని స్థలంలోని రేకుల షెడ్డే వారి ఇల్లు, మొదట ఎగిరిపోయేది ఆ షెడ్డే. సాయం పంచే జాబితా స్థానిక కార్డులను బట్టి తయారవుతుంది గనుక వారి పేర్లు అందులో ఉండవు. సొంత ఊరిలో తుఫాను రాలేదు గనుక ఇక్కడి జాబితాలోనూ ఉండవు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం వల్ల రేషన్ బియ్యం ఎక్కడైనా తీసుకోవచ్చు గాని, ప్రత్యేకంగా ఇచ్చే తుఫాను సాయం వేరు. అక్కడ పనిచేసే సంస్థతో మాట్లాడేటప్పుడు, బయటి ఊళ్ళ కూలీల గుడిసెల పేర్లు కూడా రాస్తారా అని అడగండి. వారికి కావలసినది పెద్దదేమీ కాదు: పని ఆగిన రోజులకు తిండి, ఇంటికి చేరడానికి బస్సు చార్జీ, తడిసిపోయిన ఆధార్ కార్డు మళ్ళీ తీయించుకోవడానికి ఒకరి తోడు.

దేవరకొండ విశ్రాంత కార్యకర్త

నేను ఉద్యోగ జీవితమంతా స్వచ్ఛంద సంస్థల్లో, ఎక్కువ భాగం తీర ప్రాంతంలో గడిపాను. మాస్టారు గారి రెండు ప్రశ్నలకు నాకు తెలిసినంతలో చెబుతాను.

మొదటి వారానికి మూడో వంతుకు మించి ఖర్చు పెట్టవద్దు. ఆ వారంలో ప్రభుత్వం ఉంటుంది, పొరుగు ఊళ్ళు ఉంటాయి, టీవీ కెమెరాలు ఉంటాయి, కెమెరా వెంట దాతలు ఉంటారు. నెల తిరిగేసరికి వీరెవరూ ఉండరు, అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. ఉప్పునీరు నిలిచిన పొలాన్ని మంచినీటితో కడిగితే గాని పైరు రాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు కూలిపోయాయి. దేశవాళీ కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్ళు పడుతుంది. ఆ ఆరేడేళ్ళు ఆ కుటుంబం ఏమి తిని బతకాలో ఏ సహాయ శిబిరమూ చెప్పలేదు.

ప్రభుత్వ పరిహారంలో ఖాళీలు ఎక్కడున్నాయో చూసి, మీ డబ్బు అక్కడ పెట్టండి. ఉదాహరణకు, 2022–26 కాలానికి కేంద్రం నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం సాగునీటి పంట పోతే హెక్టారుకు 17,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే అని పెట్టారు. ఆ డబ్బు చాలాచోట్ల భూమి పట్టా ఎవరి పేరున ఉంటే వారికే వెళ్తుంది. పెట్టుబడి పెట్టిన కౌలు రైతుకు గుర్తింపు కార్డు లేకపోతే ఏమీ రాదు. పడవ పోతే పడవ యజమానికి పరిహారం. ఆ పడవ మీద వేటకు వెళ్ళే కలాసీకి పోయిన రోజుల కూలి ఎవరూ కట్టరు. ఇంటి స్థలం తన పేరున లేని వితంతువుకు ఇంటి పరిహారం దగ్గర చిక్కు వస్తుంది. ఇటువంటి పది ఇరవై కుటుంబాలను ఏడాది పాటు పట్టుకోగల శక్తి మీ ఊరికి ఉంది. వెయ్యి కుటుంబాలకు ఒక్కొక్క పొట్లం ఇవ్వడం కంటే దాని విలువ ఎక్కువ.

ఇంకొక మాట బలంగా చెప్పదలిచాను. తుఫానుకు ముందు పెట్టిన రూపాయి తరువాత పెట్టిన రూపాయి కన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. అప్పుడు ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు గార్లు జోలె పట్టి విరాళాలు సేకరించారు, మదర్ థెరిసా వచ్చి చూశారు, రామకృష్ణ మిషన్ వంటి సంస్థలు ఇళ్ళు కట్టించాయి. ఆ తరువాతి కాలంలో తీరం వెంబడి తుఫాను రక్షిత భవనాలు లేచాయి, ముందు హెచ్చరికలు మెరుగుపడ్డాయి. 1990 మేలో అంతే బలమైన తుఫాను వచ్చినప్పుడు 6 లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించారు, మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. ఒడిశాలో 1999 మహా తుఫానుకు దాదాపు పదివేల మంది పోయారు. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందుగా తరలించడం వల్ల మృతులు యాభై లోపే. ఈ ఏళ్ళలో గాలి బలం తగ్గలేదు. జనానికి వెళ్ళి తలదాచుకునే చోటు, వెళ్ళమని నమ్మకంగా చెప్పే మనిషి దొరికారు.

ఆ భవనాలలో చాలావాటిని మిగతా రోజుల్లో బడిగానో, సమావేశాలకో వాడుకుంటారు. కట్టించడానికి దాతలు ముందుకు వస్తారు, శంకుస్థాపన రాయి మీద పేరుంటుంది. మరుగుదొడ్డి తలుపు విరిగితే బాగుచేయించడానికి, నీళ్ళ ట్యాంకు కడిగించడానికి, జనరేటరు పనిచేస్తోందో లేదో ఏటా చూడడానికి ఎవరూ ముందుకు రారు. సహాయ శిబిరాల్లో అంతర్జాతీయంగా పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు 15 లీటర్ల నీరు, 3.5 చదరపు మీటర్ల చోటు, ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి. తలుపు లేని మరుగుదొడ్డి ఉన్న భవనానికి ఆడవారు రాత్రిపూట రావడానికి వెనుకాడతారు, ఆఖరి గంట దాకా ఇంట్లోనే ఉండిపోతారు. మీ మహిళా సంఘాల వారు పట్టుకోదగిన పని ఇదేనని నా నమ్మకం. ఖర్చూ తక్కువే.

ఊరి ఎంపికకు తుఫాను వచ్చేదాకా ఆగవద్దు. వచ్చే జూన్, జూలైలలోనే తీరంలో కనీసం పదేళ్ళుగా పనిచేస్తున్న ఒక సంస్థను చూసుకొని, వారి వార్షిక నివేదిక, ఆడిట్ కాగితాలు తెప్పించుకోండి. మీ ఊరి నుంచి ముగ్గురు నలుగురు, అందులో ఇద్దరైనా ఆడవారు, వెళ్ళి చూసి రండి. అక్కడి మత్స్యకార పల్లెల్లో ఏ వాడ ముందు మునుగుతుంది, రక్షిత భవనం తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది, నడవలేని ముసలివారు, నెలలు నిండిన గర్భిణులు ఎందరున్నారు, పట్టా లేని ఇళ్ళు ఎన్ని, కోస్గి తమ్ముడు చెప్పిన బయటి కూలీలు ఎక్కడ ఉంటారు, ఇవన్నీ ఆ సంస్థవారితో కలిసి రాసుకోండి. ఆ జాబితా నకలు ఒకటి సంస్థ దగ్గర, ఒకటి అక్కడి ఊరి ప్రభుత్వ కార్యాలయంలో, ఒకటి మీ దగ్గర ఉండాలి. వాయుగుండం ఏర్పడిందని వాతావరణ శాఖ ప్రకటించిన రోజున మీరు లారీ కోసం వెతకనవసరం లేదు. ఆ సంస్థకు ఫోన్ చేసి, ఆ జాబితాలోని వారిని భవనానికి చేర్చడానికి ఆటోలకు, పాలకు, మందులకు ఎంత కావాలో అడిగి, ఆ సాయంత్రమే బ్యాంకులో వేయవచ్చు. మిగిలిన రెండు వంతులు సంక్రాంతి తరువాత, పంట నష్టం జాబితాలు బయటకు వచ్చి ఎవరి పేర్లు లేవో తేలిన తరువాత తీయండి.